ఐఎంఎఫ్ ఇచ్చేది ఆపద అప్పా, రెన్యువల్ లోనా?

దేవరకొండ బత్తాయి:
క్రాప్ లోన్ రెన్యువల్ ఎట్లా జరుగుతుందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. గడువు దగ్గర పడుతుంది, చేతిలో పైసల్లేవు. నూటికి మూడు రూపాయల మిత్తికి నాలుగు రోజుల కోసం తెచ్చి బ్యాంకులో కడతాం. బ్యాంకు మళ్లీ లోన్ రాస్తుంది, ఆ డబ్బు చేబదులిచ్చినవాళ్లకు పోతుంది. రికార్డులో మనం మంచి ఖాతాదారులం. పోయినేడు సర్వర్ డౌన్ అని నన్ను వారం తిప్పారు. ఆ వారం మిత్తి నేనే కట్టుకున్నా.

2023లో అర్జెంటీనా కూడా అచ్చం ఇదే చేసింది. జూలై చివర్లో ఐఎంఎఫ్‌కు (కష్టంలో ఉన్న దేశాలకు అప్పులిచ్చే అంతర్జాతీయ ద్రవ్య నిధికి) కట్టాల్సిన కిస్తీ కోసం ఓ లాటిన్ అమెరికా అభివృద్ధి బ్యాంకు దగ్గర చేబదులు తీసుకుంది, చైనా ఇచ్చిన యువాన్లు (ఆ దేశం కరెన్సీ) వాడింది. ఆగస్టు కిస్తీకి ఖతార్ 77.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. అదే నెల 23న ఐఎంఎఫ్ 750 కోట్ల డాలర్లు విడుదల చేసింది. అసలు 2022 నాటి ఆ 4,400 కోట్ల డాలర్ల ఒప్పందమే 2018లో తీసుకున్న బాకీ తీర్చడానికి. 2025లో మళ్లీ 2,000 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం. ఆపదలో ఆదుకోవాల్సిన సంస్థ పుస్తకాలు తిరగరాసే బ్రాంచి అయిపోయిందని నా వాదన. కాదంటారా?

పాలమూరు పంతులు:
కాదంటాను తమ్మీ. ఒక్క మొండి బాకీదారును చూపించి బ్యాంకునే తప్పుపడితే ఎట్లా? 1997 డిసెంబరులో దక్షిణ కొరియాకు 2,100 కోట్ల డాలర్లు మంజూరైతే 2001 ఆగస్టుకల్లా, గడువుకు మూడేళ్ల ముందే తీర్చేసింది. మన సంగతే చూడు. 1991 జూలైలో రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండ్, జపాన్ కేంద్ర బ్యాంకుల దగ్గర కుదువ పెడితే చేతికొచ్చింది 40 కోట్ల డాలర్లు. పుస్తెలతాడు తాకట్టు పెట్టినట్టే కదా! ఆ అక్టోబరులో ఐఎంఎఫ్‌తో 20 నెలల ఒప్పందం కుదిరింది. 1993 తర్వాత అక్కడ మళ్లీ అప్పు చేయలేదు, 2000 కల్లా పాతదంతా తీర్చాం. 2009లో ఆ సంస్థ అమ్మిన 200 టన్నుల బంగారం కొన్నది కూడా మనమే. పీవీ హయాంలో మొదలైన మార్పు లేకుంటే ఇది అయ్యేదా?

మిర్యాలగూడ అక్క:
పంతులుగారూ, తీర్చింది నిజమే. ఎవరి జేబులోంచి అన్నది కూడా చెప్పండి. సర్కారు బడ్జెట్ లోటు తగ్గించాలన్నది ఐఎంఎఫ్ షరతు. ఒప్పందానికి ముందే, 1991 జూలై బడ్జెట్‌లో ఎరువుల ధర సగటున 40 శాతం పెంచారు. గొడవ చేస్తే 30కి దించి, చిన్న, సన్నకారు రైతులకు మినహాయించారు. మా నాన్న పేరు మీద ఏడెకరాలు. నీళ్లు పారేది రెండెకరాలకే, మిగతాది చెలక. పాసుపుస్తకం ప్రకారం పెద్ద రైతు! మినహాయింపు రాలేదు. తెల్లారేసరికి దుకాణం ముందు చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డ రోజులు నాకింకా గుర్తే.

పాలమూరు పంతులు:
అది ఒప్పుకుంటాను అక్కా. కానీ అప్పు పుట్టకపోయుంటే ఎరువే దిగుమతి అయ్యేది కాదు.

చెలక మనిషి:
అర్జెంటీనా ఒక్కటే కాదు సార్. పాకిస్తాన్ 1958 నుంచి ఇరవైకి పైగా ఒప్పందాలు చేసుకుంది, 2024లో తీసుకున్నది 700 కోట్ల డాలర్లది.

దేవరకొండ బత్తాయి:
పంతులుగారూ, కొరియా దగ్గర ఎగుమతులున్నాయి, డాలర్లు సంపాదించి కట్టింది. బోరులో నీళ్లున్న రైతు ఎవరికైనా బాకీ తీర్చగలడు. సంస్థ కూడా మారింది. ఏడాది, రెండేళ్లు ఆదుకుని 3 నుంచి 5 ఏళ్లలో తిరిగి తీసుకోవడం పాత పద్ధతి. ఈ గడువు చాలదని 1974లోనే పొడిగింపు పథకం తెచ్చారు, దానికింద పదేళ్ల వరకు కట్టొచ్చు. కోటాకు, అంటే సంస్థలో ఆ దేశం పెట్టిన వాటాకు, చాలా మించి తీసుకుంటే పైన అదనపు మిత్తి. 2024లో దాన్ని కొంత తగ్గించారు గానీ ఎత్తేయలేదు. అందరికంటే కష్టంలో ఉన్నోడి దగ్గర ఎక్కువ మిత్తి!

కల్వకుర్తి కూలన్న:
ఇద్దరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. శ్రీలంక 2022 ఏప్రిల్‌లో విదేశీ బాకీలు కట్టలేనని చేతులెత్తేసింది. ఐఎంఎఫ్ బోర్డు దాదాపు 300 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నది 2023 మార్చిలో. పదకొండు నెలలు! అంతకుముందు అప్పిచ్చిన పెద్ద దేశాలు బాకీ తగ్గించుకుంటామని మాటిస్తేనే ఇస్తామన్నారు. 2022లో పెట్రోలు, బియ్యం, మందుల అప్పులతో సహా ఇండియా దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం చేసింది. అంటే ఆపదలో ముందు పోయేది పక్కింటికే. చైనా, ఖతార్, మనం చేబదులిస్తుంటే పెద్ద బ్యాంకు తర్వాతొచ్చి సంతకం పెడుతోంది. అమెరికా ఒక్కదానికే 16 శాతం పైచిలుకు ఓట్లు, పెద్ద నిర్ణయాలకేమో 85 శాతం కావాలి. వాళ్లు వద్దంటే కోటాలు మారవు.

పాలమూరు పంతులు:
చేబదులిచ్చినోడు షరతులు కాగితం మీద రాయడు కూలన్నా, అది ఇంకా ప్రమాదం. ఐఎంఎఫ్ షరతులు కనీసం అందరూ చదువుకోవచ్చు.

మిర్యాలగూడ అక్క:
చదువుకుని ఏం చేయాలి సార్, అప్పటికే సంతకం అయిపోయుంటుంది కదా.