గోన గన్నారెడ్డిని గజదొంగను చెయ్యడం న్యాయమేనా?

పాలమూరు పాఠకుడు:
అడవి బాపిరాజుగారి నవల 'గోన గన్నారెడ్డి' చదవడం పూర్తయింది. చేత పడితే వదలబుద్ధి కాలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మా వర్ధమానపురం (ఇప్పటి నంది వడ్డెమాన్) ఏలిన వంశంవాణ్ని గజదొంగను చేశారు. 2015లో 'రుద్రమదేవి' సినిమా వచ్చాక జనం దాన్నే చరిత్రగా నమ్ముతున్నారు. 1294 నాటి రాయచూరు కోట శాసనంలో ఆయన కోట కట్టించిన కాకతీయ సామంతుడు. నవల పేరుతో ఇంత స్వేచ్ఛ ఏమిటి?

హనుమకొండ అమ్మాయి:
అన్నా, ఆ శాసనం రుద్రమ తర్వాత ఏలిన ప్రతాపరుద్రుడి కాలంది. నవల రుద్రమ గద్దెనెక్కిన రోజులది. మధ్యలో ముప్పై ఏళ్లు. యువకుడిగా గన్నారెడ్డి ఏం చేశాడో ఆ రాయి చెప్పదు. రచయితకు దొరికిన చోటు అదే.

పైగా ఆ దొంగతనం ఎలాంటిది? మొదట్లోనే అన్నాంబికతో పెళ్లికి సిద్ధమైన వరదారెడ్డిని ఎత్తుకుపోతాడు. దోపిడీ అనుకుంటాం. పోను పోను అది రుద్రమకు ఎదురు తిరిగిన సామంతుల పొత్తును తెగ్గొట్టడమని తెలుస్తుంది. ఆ అన్నాంబిక కూడా ఏడుస్తూ కూర్చోదు, ఓరుగల్లు చేరి రుద్రమకు అండగా నిలుస్తుంది. నాకు గన్నారెడ్డి కంటే ఆమే నచ్చింది. ఆడది ఏలితే సామంతులు సహించలేదన్నది కల్పన కాదు కదా.

నా ఫిర్యాదు వేరు. ఇందులో అందరూ అందగాళ్లే, అందరూ శూరులే. బాపిరాజుగారిది చిత్రకారుడి చెయ్యి కాబట్టి నగలూ గుర్రాలూ కళ్లకు కడతాయి, చెరువు కింద మడి దున్నేవాడు మాత్రం కనిపించడు. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం చూడండి. 1289లో రుద్రమ, సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోతే, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు భూమి దానమిచ్చాడు. అలాంటి బంటు కళ్లతో కథ చెప్పిన నవల నాకు కావాలి.

పాలమూరు పాఠకుడు:
బంటు మాట బాగుందమ్మా. మొదటి మాట మాత్రం నేను వదలను. రంగనాథ రామాయణం ద్విపదలో చెప్పిన గోన బుద్ధారెడ్డిది ఆ ఇల్లే. ఆయన కూతురు కుప్పాంబిక 1276లో బూదపురంలో పద్యాలతో శాసనం వేయించింది. అంత చదువున్న ఇంటి నుంచి సినిమా చూసినవాళ్లకు కత్తి ఒక్కటే గుర్తుండిపోయింది. కొత్తగా రాసేవాళ్లు కుప్పాంబిక నుంచి మొదలుపెట్టాలి.