కొత్త బాస్కెట్‌బాల్ రెఫరీలు రెండో సీజన్‌కి రావట్లేదు, ఎలా నిలబెట్టుకోవాలి?

హూప్స్_రవి:
అందరికీ నమస్తే అండి. అమెరికాలో హైస్కూల్ బాస్కెట్‌బాల్‌కి రెఫరీ చేసేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే కొంచెం హెల్ప్ చేయండి. మా ఏరియా రెఫరీల అసోసియేషన్‌లో కొత్తవాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చే బాధ్యత ఈసారి నామీద పెట్టారు. ప్రతి ఏడాదీ సీజన్ ముందు క్లాసులు పెడతాం, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ (అమెరికా హైస్కూల్ ఆటలకి రూల్స్ రాసే జాతీయ సంస్థ) రూల్స్ బుక్ ఇస్తాం, టెస్ట్ రాయిస్తాం, అందరూ మంచి మార్కులతోనే పాసవుతారు, తీరా గేమ్స్ మొదలై జనవరి వచ్చేసరికి చాలామంది ఫోన్ ఎత్తరు, మరుసటి ఏడాది అయితే అసలు మొహమే చూపించరు. ఇది మా ఒక్కళ్ళ గొడవ కాదని తెలుసు. 2018-19 సీజన్ తర్వాత మూడు నాలుగేళ్ళలో అన్ని ఆటల్లో కలిపి దాదాపు 50,000 మంది హైస్కూల్ అఫీషియల్స్ మానేశారని ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ వాళ్ళే చెప్పారు. కానీ మా దగ్గర రెఫరీలు దొరక్క జేవీ (స్కూల్ రెండో టీమ్) గేమ్స్ వేరే రోజుకి మార్చాల్సి వస్తోంది, పిల్లలు అప్పటికే రెడీ అయి ఉంటారు, వాళ్ళకి ఆ మాట చెప్పాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. ట్రైనింగ్‌లో ఏం మార్చాలి? ఫీజు పెంచితే ఉంటారా?

బేస్‌లైన్_శ్రీను:
రవి గారూ, ముందు ఆ క్లాసులు సగానికి తగ్గించి కోర్టు మీదకి తీసుకెళ్ళండి. టెస్ట్‌లో రూల్ గుర్తుండటం వేరు, పది మంది పరిగెడుతుంటే అది కనపడటం వేరు. కొత్త రెఫరీకి వచ్చే మొదటి ఇబ్బంది ఏంటంటే కళ్ళు బాల్ వెనకాలే పోతాయి. ఇద్దరే రెఫరీలు ఉన్న గేమ్‌లో లీడ్ (బాస్కెట్ వెనక గీత దగ్గర ఉండేవాడు), ట్రెయిల్ (ఆట వెనకాల వచ్చేవాడు) ఇద్దరూ బాల్‌నే చూస్తుంటే అవతల పోస్ట్‌లో (బాస్కెట్ దగ్గర) వాళ్ళు కుమ్ముకుంటున్నా ఎవరికీ కనపడదు. అందుకే నీ ఏరియా ఏది, అందులో డిఫెండర్ ఎవరు అన్నది ఫస్ట్ నేర్పించాలి.

మేం చేయించే డ్రిల్ ఒకటుంది. ఒక అబ్బాయి బాల్‌తో బాస్కెట్ వైపు వస్తాడు, ఇంకొకడు అడ్డం నిలబడతాడు, రెఫరీ బాల్ వైపు చూడకూడదు. డిఫెండర్ రెండు కాళ్ళూ నేల మీద పెట్టి ఎదురుగా తిరిగాడా, షూటర్ గాల్లోకి లేవకముందే ఆ దారిలోకి వచ్చాడా, ఇదొక్కటే చూసి చెప్పాలి. ముందే పొజిషన్ తీసుకున్నవాడు ఆ తర్వాత పక్కకో వెనక్కో జరిగినా తప్పు లేదు. చాలామంది మాత్రం కదిలితే బ్లాకే (డిఫెండర్ ఫౌలే) అనుకుంటారు, స్టాండ్స్‌లో వాళ్ళు కూడా అదే అరుస్తారు. అలాగే చెయ్యి చాపినంత మాత్రాన ఫౌల్ కాదు, బాల్ మీదున్న చెయ్యి బాల్‌లో భాగం కిందే లెక్క. ఇలాంటివి నోటికి వచ్చేదాకా చెప్పించండి, ఎందుకంటే కోచ్ అడిగేది వీటి గురించే.

స్కోరర్ల టేబుల్ దగ్గర ఫౌల్ రిపోర్ట్ చేయడం కూడా విడిగా ప్రాక్టీస్ చేయించండి. అందరూ తననే చూసే టైమ్ అది. విజిల్, పిడికిలి పైకి, తర్వాత కంగారు పడకుండా టేబుల్‌కి కనపడే చోటుకి వచ్చి ఆగి "నీలం, ఇరవై మూడు, బ్లాక్, రెండు షాట్లు" అని నిదానంగా చెప్పాలి. హైస్కూల్ జెర్సీ నంబర్లలో 5 దాటిన అంకె ఉండదు కదా, వేళ్ళతో చూపించడానికే ఆ రూలు. పరిగెత్తుతూ, రొప్పుతూ రిపోర్ట్ చేస్తే కరెక్ట్ కాల్ కూడా తప్పులా కనిపిస్తుంది.

లక్ష్మి_కె:
నేను రెఫరీ కాదు, మా అమ్మాయి చేస్తుంది, హైస్కూల్‌లో ఉండగానే మిడిల్ స్కూల్ గేమ్స్‌తో మొదలుపెట్టింది. రూల్స్ దానికి ఎప్పుడూ కష్టం కాలేదండి, కష్టం అంతా పెద్దవాళ్ళతోనే. ఒకసారి గేమ్ అయ్యాక ఒక పేరెంట్ డోర్ దగ్గర ఆపి చివరి ట్రావెలింగ్ (బాల్ పట్టుకుని అడుగులు ఎక్కువ వేయడం) కాల్ గురించి నోటికొచ్చినట్టు మాట్లాడాడు, ఇది బిక్కచచ్చిపోయి నిలబడింది. అప్పుడు దానితో పాటు చేసిన సీనియర్ రెఫరీ మధ్యలోకి వచ్చి "ఏమన్నా ఉంటే స్కూల్ వాళ్ళతో మాట్లాడండి" అని ఒక్క ముక్క చెప్పి, స్కూల్ తరఫున గేమ్ చూసుకునే ఆయన్ని పిలిచి, మా అమ్మాయిని కారు దాకా దిగబెట్టాడు. మర్నాడు ఫోన్ చేసి ఆ ట్రావెలింగ్ కాల్ కరెక్టే అని కూడా చెప్పాడు. ఆ ఫోన్ లేకపోతే మా అమ్మాయి షర్ట్ తిరిగిచ్చేసేది, నాకు ఏ డౌటూ లేదు. పిల్లల్ని ఒంటరిగా పంపొద్దండి, దండం పెడతాను.

పాత_అసైనర్:
లక్ష్మి గారు చెప్పిందే అసలు విషయం. నేను గేమ్స్ అసైన్ చేసేవాణ్ణి (ఏ గేమ్‌కి ఏ రెఫరీ వెళ్ళాలో వేసేవాణ్ణి) కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను. ఫీజు ముఖ్యం కాదని అనను, గంట డ్రైవ్ చేసి రెండు గేమ్స్ చేసి పెట్రోల్‌కే పోతే ఎవడొస్తాడు, పైగా డబ్బులు వారాల తరబడి ఆలస్యమైతే ఇంకా చిరాకు. కానీ మానేసిన వాళ్ళని అడిగితే ఎక్కువమంది చెప్పేది తిట్లు గురించే. ఫీజు పెంచండి, అది ఒక్కటే పెంచి ఊరుకోవద్దు.

మేం చేసిన పెద్ద తప్పుడు అలవాటు ఏంటంటే ఇద్దరు కొత్తవాళ్ళని కలిపి చిన్న గేమేగా అని పంపేయడం. చిన్న గేమ్‌లోనే పేరెంట్స్ కోర్టుకి దగ్గరగా ఉంటారు, సెక్యూరిటీ ఉండదు, కోచ్ కూడా కొత్తవాడే. ఇప్పుడు మొదటి సీజన్ మొత్తం పక్కన అనుభవం ఉన్నవాళ్ళు లేకుండా గేమ్ ఇవ్వం. ఇంకోటి, కోచ్‌తో ఎలా మాట్లాడాలో కూడా ట్రైనింగ్‌లో పెట్టండి. ప్రశ్న అడిగితే చిన్నగా జవాబు చెప్పు, కామెంట్ అయితే వదిలెయ్, దాటితే వార్నింగ్ ఇచ్చి స్కోర్‌బుక్‌లో రాయించు, మళ్ళీ దాటితే టెక్నికల్ (ప్రవర్తనకి వేసే ఫౌల్). హెడ్ కోచ్‌కి టెక్నికల్ పడితే ఇక లేచి నిలబడే వీలు పోయి బెంచ్ మీద కూర్చోవాలి, డైరెక్ట్ టెక్నికల్స్ (తన సొంత ప్రవర్తనకి పడినవి) రెండైతే బయటికే. ఇది తన చేతిలో ఉందని తెలిసిన కొత్త రెఫరీ మొహంలోనే తేడా కనపడుతుంది. కాకపోతే మీ అసోసియేషన్ ఆ టెక్నికల్ వెనకాల నిలబడాలి, కోచ్ ఫోన్ చేశాడని మర్నాడే ఆ కుర్రాణ్ణి ఆ స్కూల్‌కి పంపడం మానేస్తే వాడికి అర్థం కాదా?

హూప్స్_రవి:
అందరికీ చాలా థాంక్స్ అండి, లక్ష్మి గారూ మీరు రాసింది మా బోర్డ్‌కి చదివి వినిపిస్తాను. ఒకటే డౌట్, సీనియర్లు వార్సిటీ (స్కూల్ మెయిన్ టీమ్ గేమ్స్) వదిలి కింద గేమ్స్‌కి రమ్మంటే ఒప్పుకోవట్లేదు. ఏం చేయాలి?

పాత_అసైనర్:
వార్సిటీ వదలక్కర్లేదు. చాలా చోట్ల అదే రోజు అదే జిమ్‌లో ముందు జేవీ ఉంటుంది కదా, వార్సిటీ క్రూని గంట ముందే రమ్మనండి. జేవీ సెకండ్ హాఫ్ కూర్చుని చూసి, గేమ్ అయ్యాక లాకర్ రూమ్‌లో ఒక మంచి కాల్, మార్చుకోవాల్సింది ఒక్కటి, అంతే చెప్పమనండి. పది తప్పులు ఏకరువు పెడితే కుర్రాడు రేపు రాడు. జేవీలో మీ వాళ్ళు ఇద్దరే ఉంటే, వచ్చిన సీనియర్లలో ఒకరిని మూడో రెఫరీగా కోర్టులోకి దింపొచ్చేమో స్కూల్‌ని అడగండి, మా దగ్గర కొన్ని స్కూళ్ళు సరే అన్నాయి. లిస్ట్ వేసేటప్పుడు ముందు సీనియర్లకి ఫోన్ చేసి ఒప్పించండి, మెయిల్ పెడితే ఎవరూ చూడరు.