పాత సినిమా డిస్కులో బొమ్మ నాణ్యత ఎలా తేల్చాలి?

నాన్నగారి కోసం పాత బ్లాక్ అండ్ వైట్ తెలుగు సినిమాల డిస్కులు పోగు చేస్తున్నాను. ఒకే సినిమా రెండు రకాలుగా దొరికినప్పుడు ఏది ఉంచుకోవాలో తేలడం లేదు, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ఉదాహరణకి 1950ల నాటి ఒక పౌరాణికం. డీవీడీలో బొమ్మ కొంచెం మసక, సన్నటి రేణువులు కదులుతూనే ఉంటాయి, కానీ క్లోజప్‌లో కిరీటం మీద రాళ్లు, చీర జరీ అంచు విడివిడిగా తెలుస్తాయి. అట్ట మీద 1080 (అంటే హెచ్‌డీ) అని వేసిన కొత్తదాంట్లో అంతా తళతళే గానీ ముఖాలు మైనం పూసినట్టు నున్నగా ఉన్నాయి, రాత్రి సీన్లలో జుట్టూ గోడా కలిసిపోయి ఒకటే నలుపు, మనుషుల చుట్టూ తెల్లటి గీత. పైగా చదరానికి దగ్గరగా ఉండే ఫ్రేముని టీవీ నిండా రావాలని పైనా కిందా కోసేశారు, కిరీటాలే ఎగిరిపోయాయి!

నాయిస్ రిడక్షన్ (బొమ్మలో రేణువుల్లాంటి గోలని తుడిచేయడం) ఎక్కువైతే ఫిలిం రేణువులతో పాటు వివరాలూ పోతాయని, షార్ప్‌నెస్ పెంచితే ఆ తెల్ల గీత వస్తుందని తెలుసు. టీవీలో షార్ప్‌నెస్, మోషన్ స్మూతింగ్ (కదలికల్ని నున్నగా చూపించే సెట్టింగ్) తగ్గించే చూశాను కాబట్టి ఆ సలహా వద్దు.

కదిలేది ఫిలిం రేణువా, కంప్రెషన్ (డిస్కులో పట్టేలా వీడియోని కుదించడం) వల్ల వచ్చిన గడుల గోలా అన్నది బొమ్మ ఆపి చెప్పొచ్చా, నడుస్తుండగానే చూడాలా? నెగటివ్ నుంచి కొత్తగా స్కాన్ చేశారా, పాత డీవీడీ మాస్టర్‌నే (డీవీడీ తీసిన మూల కాపీనే) సాగదీసి 1080 అన్నారా అని పట్టుకోవాలంటే ఎలాంటి సీన్ చూడాలి? టైటిల్స్‌లో అక్షరాల అంచులు చూడమన్నారు ఒకరు, అది నమ్మొచ్చంటారా?