జిరా–కాన్‌ఫ్లుయెన్స్ లింకు తెగితే ప్రాక్సీని సరిచేయాలా, ప్రాక్సీని తప్పించాలా?

రాత్రి_డ్యూటీ: జిరా (పనుల టికెట్ల ట్రాకర్), కాన్‌ఫ్లుయెన్స్ (టీమ్ వికీ) రెండూ ఎంజిన్ఎక్స్ అనే ప్రాక్సీ (ముందుండి రిక్వెస్టులు అందుకుని లోపలికి పంపే సర్వర్) వెనకున్నాయి, టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్) అక్కడే ఆగుతుంది, లోపలికి మామూలు హెచ్‌టీటీపీయే వెళ్తుంది. కాన్‌ఫ్లుయెన్స్ నుంచి జిరాకి అప్లికేషన్ లింకులో (రెండు యాప్‌లూ మాట్లాడుకునే కనెక్షన్) 'సిగ్నేచర్ ఇన్‌వాలిడ్' వస్తోంది. ఏం చేయాలి?

పీకి_పెట్టు: లింకు తీసేసి మళ్ళీ పెట్టు. అయిపోతుంది.

టామ్‌క్యాట్_మామ: అవదు. మళ్ళీ అవే పబ్లిక్ కీలు ఇచ్చిపుచ్చుకుంటాయి, యూఆర్‌ఎల్ తేడా అలాగే ఉంటుంది. ఈ లింకు వాడే ఓఆత్ 1.0 (రిక్వెస్టు ఎవరిదో సంతకంతో రుజువు చేసే పద్ధతి) సంతకంలో స్కీమ్, హోస్టు, పోర్టు కూడా కలుస్తాయి. కాన్‌ఫ్లుయెన్స్ హెచ్‌టీటీపీఎస్ అడ్రసు మీద సంతకం పెడితే, జిరా టామ్‌క్యాట్ (జిరాని నడిపే వెబ్ సర్వర్) దాన్ని హెచ్‌టీటీపీగా చూసి లెక్క కడుతోంది. జిరా సర్వర్.ఎక్స్‌ఎంఎల్ (టామ్‌క్యాట్ సెట్టింగుల ఫైలు) కనెక్టర్‌లో (రిక్వెస్టులు వచ్చే ద్వారం) ప్రాక్సీనేమ్, ప్రాక్సీపోర్ట్ 443, స్కీమ్ హెచ్‌టీటీపీఎస్, సెక్యూర్ ట్రూ, నాలుగూ చూడు. స్కీమ్ ఒక్కటి మర్చిపోతే అడ్రసు 'హెచ్‌టీటీపీ, పోర్టు 443' అనే వింత జంతువవుతుంది. మార్చాక రీస్టార్ట్.

గడియారం: ముందు ఎన్‌టీపీ (సర్వర్ల గడియారాలు కలిపి ఉంచేది) చూడండి.

టామ్‌క్యాట్_మామ: టైమ్‌స్టాంప్ తనిఖీ సంతకం కంటే ముందే జరుగుతుంది. గడియారం తప్పితే 'టైమ్‌స్టాంప్ రిఫ్యూజ్డ్' వచ్చేది.

గడియారం: అయినా చూడండి.

నేరుగా_8081: ఇంత గొడవెందుకు? జిరాకి ప్రాక్సీ లేని కనెక్టర్ ఇంకొకటి 8081లో తెరువు. లింకులో అప్లికేషన్ యూఆర్‌ఎల్ అది, డిస్‌ప్లే యూఆర్‌ఎల్ బయటి అడ్రసు. వీటిని తయారుచేసే అట్లాసియన్ కూడా ఈ దారి చెబుతుంది.

టామ్‌క్యాట్_మామ: చెబుతుంది, కాదనను. కానీ ఆ ట్రాఫిక్‌కి టీఎల్‌ఎస్ ఉండదు, ఎంజిన్ఎక్స్ లాగులో కనబడదు.

నేరుగా_8081: ఎంజిన్ఎక్స్ ఫైలు ముట్టుకోవాలంటే చేంజ్ రిక్వెస్ట్, ఇద్దరి అప్రూవల్, శనివారం రాత్రి విండో. నువ్వు పడి చూడు మామా.

టామ్‌క్యాట్_మామ: నేను చెప్పింది సర్వర్.ఎక్స్‌ఎంఎల్! అది నీ చేతిలోనే ఉంది. నెట్‌వర్క్ టీమ్ మీద కోపం ఇక్కడ తీర్చుకోకు.

నేరుగా_8081: కోపమే. రేపు వాళ్ళు చెప్పకుండా జిరా ముందు ఎస్‌ఎస్‌ఓ (అన్ని యాప్‌లకీ ఒకే లాగిన్) పేజీ పెడితే లింకు మళ్ళీ చస్తుంది, టికెట్ మాత్రం నాకొస్తుంది. అందుకే వాళ్ళ దారిలో లేకుండా ఉండాలంటున్నా.

టామ్‌క్యాట్_మామ: ఈ ముక్క ముందే చెప్పాల్సింది. అలాగైతే 8081ని ఫైర్‌వాల్‌లో కాన్‌ఫ్లుయెన్స్ ఐపీ ఒక్కదానికే తెరువు.

రాత్రి_డ్యూటీ: స్కీమ్ లేదు మామా. పెట్టి రీస్టార్ట్ చేశా, లింకు పచ్చబడింది. కానీ కొందరికి కాన్‌ఫ్లుయెన్స్ పేజీలో జిరా మ్యాక్రో (జిరా టికెట్లు చూపే ముక్క) ఎర్రర్ ఇస్తోంది.

పీకి_పెట్టు: చెప్పానా?

టామ్‌క్యాట్_మామ: ఇంపర్సనేషన్ (లాగిన్ అయిన యూజర్ పేరు మీదే జిరాని అడగడం) పెట్టావా? ఆ కొందరి యూజర్‌నేమ్ రెండు చోట్లా ఒకటేనా?