తలస్నానమంటే బెదిరిపోయే పిల్లవాడికి నీళ్లు పోయడం ఎలా?

ప్రశ్న: ఎంవీపీ కాలనీ నుంచి ఒక తల్లి

మా అబ్బాయికి ఆరేళ్లు. ఒంటికి నీళ్లు పోసినంతసేపూ ఎలాగో ఓర్చుకుంటాడు గాని, తలమీద మొదటి చెంబు పడగానే ఊపిరి బిగబట్టి, నా చెయ్యి రక్కి, తలుపు దగ్గరకు పరుగెత్తుతాడు. ఖాళీ ప్లాస్టిక్ బకెట్లో కుళాయి నీళ్లు పడే చప్పుడుకే హాల్లో కూర్చున్నవాడు చెవులు మూసుకుంటాడు. విశాఖ ఉక్కపోతలో రెండు పూటలా స్నానం చేయించక తప్పదు. ఆర్కే బీచ్‌కు వెళ్లివచ్చిన రోజున ఇసుక కడగడం మరీ కష్టం. మా అత్తగారు అది మొండితనమంటారు. నాకు అలా అనిపించడం లేదు. గట్టిగా పట్టుకుని పోసేయమన్నవారి మాట విని ఒకసారి అలాగే చేశాను. ఆ తరువాత మూడు రోజులు వాడు స్నానాల గది గడప తొక్కలేదు. ఏం చేయమంటారు?

జవాబు: సీతమ్మధార నుంచి ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకోవడంలో ఇబ్బంది పడేవారికి తోడ్పడే నిపుణులు)

అమ్మా, మీకు అనిపించిందే నిజం. స్పర్శనూ చప్పుడునూ శరీరపు కదలికనూ మెదడు అందుకునే తీరు పిల్లలందరిలో ఒకేలా ఉండదని అమెరికన్ థెరపిస్టు జీన్ ఎయర్స్ 1970లలోనే వివరించారు. ఇలాంటి పిల్లల్లో చాలామందికి చెప్పకుండా తగిలే తేలికపాటి తాకిడి ముల్లులా గుచ్చుకుంటుంది. నిదానంగా, గట్టిగా అదిమితే హాయిగా ఉంటుంది. తల వెనక్కి వాల్చినప్పుడు కొందరికి కింద పడిపోతున్నట్టే ఉంటుంది. అందుకని పీట మీద కూర్చోబెట్టి, మడిచిన తువ్వాలును తన నుదుటికి తానే అదిమి పట్టుకోమని చెప్పి, గడ్డం దించనిచ్చి, మెడ వెనుక నుంచి మొదలుపెట్టండి. నీళ్లు ఒంటి వేడికి, అంటే 37 డిగ్రీలకు, దగ్గరగా ఉండాలి. తలస్నానాన్ని రోజువారీ స్నానంతో కలపకండి. ఈ భయం హఠాత్తుగా మొదలైనదైతే మాత్రం చెవినొప్పి ఉందేమో ముందుగా పిల్లల వైద్యునికి చూపించండి.

జవాబు: గాజువాక నుంచి ఒక తండ్రి

మా అమ్మాయి విషయంలో సగం గొడవ బకెట్ చప్పుడుదే. అడుగున తడి తువ్వాలు వేసి దానిమీదకు నీళ్లు వదిలితే ఆ మోత చాలావరకు అణిగిపోయింది. తరువాత లెక్క పెట్టుకున్నాం: పది చెంబులు, తనే పైకి లెక్కపెడుతుంది. నురగ మిగిలిపోయిన రోజున కూడా పదకొండో చెంబు పోయలేదు, తడిగుడ్డతో అద్ది ఊరుకున్నాం. తనకు ఆ నమ్మకం కుదరడానికి ఆరు వారాలు పట్టింది. ఇసుకను తడిమీద రుద్దకండి. ఆరనిచ్చి మెత్తటి గుడ్డతో దులిపితే చాలావరకు రాలిపోతుంది.

జవాబు: భీమిలి నుంచి ఒక అమ్మమ్మ

కుంకుడురసం కంట్లో పడితే పెద్దవాళ్లమే ఓర్చుకోలేం, పసివాడు ఎలా ఓర్చుకుంటాడు తల్లీ? మా మనవడికి కళ్లు మండని, ఘాటైన వాసన లేని షాంపూకు మారాం. తలంటుకు ముందు నువ్వులనూనెను రుద్దకుండా, అరచేత్తో మాడుకు అదిమి పెట్టేదాన్ని. మీ అత్తగారి మీద కోపం తెచ్చుకోకుండా ఆ పని ఆవిడకే అప్పగించండి. మా తరం చేతులకు అది బాగా అలవాటు.

ప్రశ్న అడిగిన తల్లి, పన్నెండు రోజుల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. బకెట్లో తువ్వాలు వేసిన రోజు నుంచి వాడు చెవులు మూసుకోవడం తగ్గింది. నిన్న భుజాల మీద ఏడు చెంబులు తానే పోసుకుని, ఎనిమిదోది నా చేతికిచ్చి, “వెనకాల పొయ్యమ్మా, నేను చెప్పాకే” అన్నాడు. చెప్పేదాకా ఆగాను. నడినెత్తి ఇంకా తడవలేదు. ఆదివారం నూనె తాను పెడతానని అత్తగారు సీసా దించి పెట్టుకున్నారు.