పెద్ద వీడియోల నుంచి క్లిప్పులు తీసి పెట్టేవారు ముందుగా అనుమతి అడగాలా?

వైద్యబోధిని (చర్చను ప్రారంభించినవారు):

ఆరోగ్య విషయాల మీద దీర్ఘ ప్రసంగాలు రికార్డు చేసి నా ఛానల్‌లో పెడుతుంటాను. ఈమధ్య జలుబు, దగ్గు, జ్వరాలకు మందుల వాడకం గురించి గంటా యాభై నిమిషాల ప్రసంగం ఒకటి పెట్టాను. అందులో ఒకచోట నేను అన్న మాటలు ఇవి: "జలుబు చేసినప్పుడు యాంటీబయాటిక్ వేసుకుంటే రెండు రోజుల్లో తగ్గిపోతుంది అని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, వైరస్ మీద యాంటీబయాటిక్ పని చేయదు." ఎవరో అపరిచితులు దీనిని "తగ్గిపోతుంది" అన్న మాట దగ్గర కోసి, నిలువు క్లిప్పుగా మార్చి, కింద పెద్ద అక్షరాలతో క్యాప్షన్లు వేసి, వెనుక సంగీతం చేర్చి పెట్టారు. నేను ఏ అపోహను ఖండించడానికి కూర్చున్నానో, ఆ అపోహ నా ముఖంతో, నా గొంతుతో నా పూర్తి ప్రసంగం కంటే ఎన్నో రెట్ల మందికి చేరింది. నేను ఫిర్యాదు చేసిన ఆరు రోజులకు ఆ క్లిప్పును తొలగించారు కానీ, అప్పటికే దాని నకళ్లు వేరే చోట్లకు పాకిపోయాయి. ఒక రోగి తండ్రి ఆ క్లిప్పును ఫోనులో చూపించి, "మీరే చెప్పారు కదమ్మా" అని అడిగినప్పుడు నాకు కలిగిన బాధను ఇక్కడ వివరించలేను.

ఈ అనుభవం తరువాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే. ఇతరుల వీడియో నుంచి ఒక్క సెకను తీసినా సరే, ముందుగా వారి అనుమతి పొందాలి. దీనికి మినహాయింపులు ఉండకూడదు. అభ్యంతరం ఉన్నవారు కారణం చెప్పగలరు.

కత్తెరపని:

అమ్మా, నేను నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను. మీ విషయంలో జరిగింది ఎడిటింగ్ కాదు, అన్యాయం. దానిని సమర్థించే మాట ఒక్కటి కూడా నా దగ్గర లేదు. అయితే ఆ అన్యాయానికి మందుగా మీరు చెబుతున్న నియమాన్ని మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను.

మూడు గంటల సంభాషణను మొదటి నుంచి చివరి వరకు వినేవారు ఎంతమంది ఉంటారు? నేను మాత్రం వింటాను, అవసరమైతే రెండుసార్లు వింటాను. మాట్లాడేవారి ఆలోచన ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తుపెట్టుకుంటాను. అడ్డంగా ఉన్న దృశ్యాన్ని నిలువుగా మార్చేటప్పుడు మాట్లాడేవారి చేతులు, వారు చూపిస్తున్న బొమ్మ ఫ్రేములో నుంచి పోకుండా చూసుకుంటాను. యంత్రం ఇచ్చిన క్యాప్షన్లలో తప్పులను ఒక్కొక్కటిగా దిద్దుతాను, ఎందుకంటే వినికిడి లేనివారు ఆ అక్షరాల మీదనే ఆధారపడతారు. పక్షుల వలస గురించి ఎవరూ పట్టించుకోని ఒక దీర్ఘ సంభాషణ నుంచి నేను తీసిన యాభై సెకన్ల క్లిప్పు చూసి, అసలు వీడియో వెతుక్కుంటూ వెళ్లి పూర్తిగా విన్నామని రాసినవారు ఎందరో ఉన్నారు. ఆ ఛానల్‌వారికి నేను ముందుగా రాశాను, నేటికీ జవాబు రాలేదు. కొన్ని పెద్ద ఛానళ్లు తామే క్లిప్పులు తీసేవారిని పిలిచి, వ్యూస్‌ను బట్టి డబ్బు ఇస్తున్న రోజులివి. కానీ జవాబు చెప్పడానికి మనిషి లేని చిన్న ఛానళ్లకే క్లిప్పుల వల్ల అసలైన మేలు జరుగుతుంది. మీ నియమం అమలైతే ముందుగా మూతపడేది ఆ దారే. నేను ప్రతి క్లిప్పు కింద అసలు వీడియో లింకు ఇస్తాను, ఛానల్ పేరు రాస్తాను. ఇంతకంటే ఏమి చేయాలి?

సభాసాక్షి:

మినహాయింపులు వద్దన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ప్రజా సంస్థల సమావేశాలు నాలుగైదు గంటల పాటు ప్రత్యక్ష ప్రసారమవుతాయి. అధికారంలో ఉన్న వ్యక్తి మూడో గంటలో ఒక మాట ఇచ్చి, ఆరు నెలల తరువాత అలా అనలేదని చెబితే, ఆ మాట అన్న నలభై సెకన్లను బయటపెట్టడమే పౌరుని చేతిలో ఉన్న ఆధారం. అప్పుడు అనుమతి ఎవరిని అడగాలి? తనను తప్పు పట్టబోయేవారికి అనుమతి ఇచ్చే అధికారి ఎక్కడైనా ఉంటారా? వైద్యబోధిని గారి బాధ న్యాయమైనదే. కానీ ఆమెను కాపాడటానికి పెట్టిన నియమం వెనుక, కాపాడవలసిన అవసరం లేనివారు కూడా దాక్కుంటారు.

న్యాయజిజ్ఞాసువు:

ఇక్కడ ప్రస్తావనకు రాకపోయినా, ఈ విషయం గురించి ఎక్కడ మాట్లాడినా ఎవరో ఒకరు "ముప్పై సెకన్ల లోపు అయితే కాపీరైట్ వర్తించదు" అని అంటారు. అది ఉత్త భ్రమ. ఏ చట్టంలోనూ అలాంటి సెకన్ల లెక్క నాకు కనబడలేదు. అనుమతి లేని వాడకం న్యాయమైన వాడకమా (ఫెయిర్ యూజ్) కాదా అని తేల్చడానికి అమెరికా కాపీరైట్ చట్టంలోని 107వ సెక్షన్ నాలుగు అంశాలను చూడమంటుంది. వాడకం ఉద్దేశమేమిటి, అసలు కృతి ఎలాంటిది, అందులో నుంచి ఎంత భాగాన్ని, ఎంత ముఖ్యమైన భాగాన్ని తీసుకున్నారు, దాని వల్ల అసలు కృతి మార్కెట్‌కు ఎంత దెబ్బ తగులుతుంది అన్నవే అవి. యూట్యూబ్ వంటి సంస్థలు అక్కడివి కనుక, వాటి ఫిర్యాదుల పద్ధతి మీద ఈ చట్టం నీడ ఎక్కడ ఉన్నవారికైనా తగులుతుంది.

రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. 1985లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన వివాదంలో, మాజీ అధ్యక్షుడు ఫోర్డ్ ఆత్మకథ ఇంకా అచ్చు కాకముందే, దాని నుంచి ఒక పత్రిక సుమారు 300 పదాలను యథాతథంగా వాడుకుంది. గ్రంథమంతటితో పోలిస్తే అది పిడికెడు. అయినా ఆ పిడికెడే గ్రంథానికి గుండెకాయ వంటిదని చెప్పి, కోర్టు ఆ వాడకాన్ని తప్పు పట్టింది. 2017లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో తేలిన మరో వివాదంలో, యూట్యూబ్‌లో వీడియోలు చేసే క్లైన్ దంపతులు ఇంకొకరి 5 నిమిషాల 24 సెకన్ల వీడియోలో 3 నిమిషాల 15 సెకన్లు, అంటే సగానికి పైగా, తమ విమర్శా వీడియోలో వాడుకున్నారు. మధ్య మధ్యలో ఆపి, వరుసగా విమర్శిస్తూ పోయారు కనుక అది న్యాయమైన వాడకమేనని కోర్టు చెప్పింది. వ్యాఖ్య ఏమీ లేకుండా పదిమంది కలిసి చూసినట్టుండే వీడియోలకు కూడా ఈ తీర్పు వర్తిస్తుందని అనుకోవద్దని ఆ తీర్పే హెచ్చరించింది. అంటే 300 పదాలు తప్పయిన చోటు ఉంది, సగానికి పైగా వీడియో ఒప్పయిన చోటూ ఉంది. నిడివి ఒక్కటే ఏదీ తేల్చదు.

ఆ లెక్కన సభాసాక్షి గారు చెప్పిన క్లిప్పుకు, దాని మీద వ్యాఖ్య ఉన్నంతవరకు, అనుమతి లేకపోయినా నిలబడే బలం ఉంది. కత్తెరపని గారి క్లిప్పుల స్థితి వేరు. ఎంత శ్రద్ధగా చేసినా అవి అసలు మాటలనే తిరిగి వినిపిస్తున్నాయి, కొత్తగా ఏమీ అనడం లేదు. వాటికి చట్టం ఇచ్చే రక్షణ చాలా పలుచన. పేరు రాయడం మర్యాదే కానీ, అది అనుమతికి బదులు కాదు. 2023 ఫిబ్రవరిలో షార్ట్స్‌కు ఆదాయ పంపిణీ మొదలుపెట్టినప్పటి నుంచి యూట్యూబ్ కూడా, ఇతరుల వీడియోలను తమదేమీ చేర్చకుండా తిరిగి పెట్టిన వాటి వ్యూస్‌ను ఆదాయం లెక్కలోకి తీసుకోవడం లేదు.

మరొక మాట. వైద్యబోధిని గారికి జరిగింది ప్రధానంగా నకలు సమస్య కాదు. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందంలోని 6 బిస్ (6 తరువాత చేర్చిన) అధికరణం, కర్త గౌరవానికి భంగం కలిగేలా కృతిని వక్రీకరించడాన్ని, ముక్కలు చేయడాన్ని అభ్యంతరపెట్టే హక్కును కర్తకు ఇస్తుంది. ఆమె ఫిర్యాదుకు సరిపోయే పేరు అదే.

వైద్యబోధిని:

సభాసాక్షి గారి ప్రశ్న మీద రెండు రోజులు ఆలోచించాను. మినహాయింపులు ఉండకూడదన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. నా ప్రసంగంలో తప్పు కనిపించి, ఆ ముక్కను చూపించి విమర్శించేవారు నన్ను అడగనక్కరలేదు. వైద్యం చెప్పేవారికి ఆ విమర్శ అవసరం కూడా.

కానీ కత్తెరపని గారితో ఒక సంగతి తేల్చుకోవాలి. మీరు లింకు ఇస్తానని చెప్పారు. ఆ లింకు నొక్కితే తెరుచుకుంటుందా? 2023 ఆగస్టు చివరి నుంచి షార్ట్స్ వివరణలోనూ కామెంట్లలోనూ పెట్టిన లింకులు నొక్కడానికి వీలు లేకుండా యూట్యూబ్ ఆపివేసింది. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ కింద రాసిన లింకు కూడా ఉత్త అక్షరాల వరుసే. బొటనవేలితో పైకి తోసుకుంటూ పోయే మనిషి ఆ అక్షరాలను చేత్తో రాసుకుని వెతుకుతాడని మీరు నిజంగా నమ్ముతున్నారా?

ఇంకొకటి మన భాషకు సంబంధించినది. ఈ దెబ్బ తగిలేవరకు నేనూ గమనించలేదు. ఇంగ్లీషులో "చాలామంది ఇలా నమ్ముతారు" అన్న భాగం ముందు వస్తుంది, నమ్మే విషయం తరువాత వస్తుంది. కాబట్టి అక్కడ వాక్యం చివర తెగినా, అది ఇతరుల నమ్మకమని విన్నవారికి తెలుస్తుంది. తెలుగులో "అని" చివర వస్తుంది, "కాదు" చివర వస్తుంది, "అనుకోవడం పొరపాటు" కూడా చివరే వస్తుంది. తెలుగు వాక్యాన్ని తోక దగ్గర తెంపితే ఖండించిన మాట చెప్పిన మాటగా, ఎదుటివారి మాట మన మాటగా మారిపోతుంది. నా ప్రసంగంలో పోయింది ఆ "అని"తో మొదలయ్యే తోకే. రాతప్రతి చూసి యాంత్రికంగా గట్టి వాక్యాలను ఏరి క్లిప్పులు కోసే సాధనాలు ఇప్పుడు వచ్చాయి. అవి ఊపు తగ్గిన చోట ఆగిపోతే, మన భాషలో జరిగే నష్టం ఎక్కువగా ఉంటుందని నా భయం.

కత్తెరపని:

లింకు విషయంలో మీరు చెప్పినది నిజం. అలవాటుగా పెడుతున్నానే తప్ప, అది పని చేస్తున్నదా అని నేను చూసుకోలేదు. దీనికి బదులుగా వాడదగినవి రెండు ఉన్నాయి. యూట్యూబ్ 2021లో తెచ్చిన క్లిప్ సదుపాయంలో 5 నుంచి 60 సెకన్ల భాగాన్ని ఎంచుకుంటే, అది అసలు వీడియో పేజీలోనే ఆడుతుంది, వ్యూస్ అసలు ఛానల్‌కే చేరతాయి. ఇతరుల వీడియో ముక్కతో షార్ట్ చేసుకోనిచ్చే షార్ట్స్ రీమిక్స్‌లోని కట్ సదుపాయంతో తీసిన ముక్క మీద అసలు వీడియోకు దారి తనంతట తానే వస్తుంది, అది నొక్కితే తెరుచుకుంటుంది. ఇష్టం లేని ఛానల్‌వారు తమ దీర్ఘ వీడియోల మీద ఈ సదుపాయాలను ఆపివేయవచ్చు. అంటే తెరిచి ఉంచినవారు ఒక రకంగా అనుమతి ఇచ్చినట్టే, మూసినవారు వద్దన్నట్టే. జవాబు రాని ఉత్తరాల కోసం ఎదురుచూడటం కంటే ఇది మేలు. వీడియో డౌన్‌లోడ్ చేసి కోసి తిరిగి పెట్టే పద్ధతిని ఇకమీదట, రాతపూర్వకంగా ఒప్పుకున్న ఛానళ్లకే పరిమితం చేస్తాను.

మాట తెగిపోవడానికి సాంకేతిక కారణం చెప్పేవారు ఉన్నారు. వీడియోను తిరిగి ఎన్‌కోడ్ చేయకుండా, అంటే దృశ్యాలను కొత్తగా కుదించి రాయకుండా, నేరుగా కోస్తే, కోత అనుకున్న చోట కాక దగ్గరలోని కీఫ్రేమ్ (చిత్రం పూర్తిగా నిల్వ ఉండే ఫ్రేము) దగ్గర పడవచ్చు, కొన్ని సెకన్లు అటూ ఇటూ కావచ్చు. కానీ ఆ ముక్కను తిరిగి ఎన్‌కోడ్ చేస్తే సరిగ్గా కోరిన ఫ్రేము దగ్గరే కోయవచ్చు, ఒక నిమిషం క్లిప్పుకు అది పెద్ద పని కాదు. పైగా నిలువుగా మార్చి క్యాప్షన్లు అద్దినవారు ఎలాగూ తిరిగి ఎన్‌కోడ్ చేసే తీరాలి. కనుక మీ క్లిప్పు విషయంలో ఆ సాకు చెల్లదు.

సభాసాక్షి:

సదుపాయం మూసి ఉంటే వద్దన్నట్టే అన్నారు. సమావేశాన్ని ప్రసారం చేసే సంస్థ మూసి ఉంచితే?

న్యాయజిజ్ఞాసువు:

మూసి ఉంచడం ఛానల్ అభీష్టాన్ని తెలుపుతుంది. వ్యాఖ్యతో కూడిన విమర్శకు ఆ అభీష్టం అడ్డు కాదు. తొలగింపు ఫిర్యాదు పంపేముందు అది న్యాయమైన వాడకమా అని ఆలోచించి తీరాలని అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2015లోనే చెప్పింది. అక్కడ వివాదమయింది ఒక తల్లి పెట్టిన 29 సెకన్ల ఇంటి వీడియో. మీ క్లిప్పును తొలగిస్తే, ఆ తొలగింపు పొరపాటని చెప్పే ప్రతివాద నోటీసు ఇవ్వవచ్చు. అయితే అందులో మీ పేరు, చిరునామా ఇవ్వవలసి ఉంటుంది, అవి ఫిర్యాదుదారుకు చేరతాయి. అధికారంలో ఉన్నవారిని ప్రశ్నించేవారికి ఇది చిన్న విషయం కాదు. ఈ లోపానికి నా దగ్గర పరిష్కారం లేదు.

వైద్యబోధిని:

నా వంతుగా చేయగలిగినది మొదలుపెట్టాను. పాత ప్రసంగాలన్నిటికీ అధ్యాయాల సమయాలు రాస్తున్నాను. ఏ భాగాలను విడిగా చూపినా అర్థం చెడదో, వాటి ఆరంభాన్నీ ముగింపునూ వివరణలో ఇస్తాను. కట్ సదుపాయాన్ని తెరిచే ఉంచుతాను. ఇకమీదట అపోహను ఖండించేటప్పుడు ముందుగా "ఇది అపోహ" అని చెప్పి, ఆ తరువాతే అపోహను వినిపిస్తాను. వాక్యం కొంత బిగుసుకుపోతుంది కానీ, ఎక్కడ తెంపినా నా మాట నాకు వ్యతిరేకంగా తిరగదు. కత్తెరపని గారూ, మీరు కూడా ఒకసారి మీ పాత క్లిప్పులను ఆ "అని" కోసం చూడగలరా?

కత్తెరపని:

చూశానమ్మా. ఇటీవలి అరవై క్లిప్పులను అసలు వీడియోలతో పోల్చి విన్నాను. మూడింటిలో వాక్యం తోక తెగింది. వాటిలో రెండు పెద్ద హాని లేనివి, ఇంకో సెకనున్నర చేర్చి మళ్లీ పెట్టాను. మూడోదానిలో మాట్లాడేవారు తమ ప్రత్యర్థి వాదాన్ని వినిపిస్తూ ఉండగా "అని వారి వాదన" అన్న భాగం పోయింది. నాలుగేళ్లలో నా క్లిప్పులన్నిటిలో ఎక్కువమంది చూసినది అదే. ఈ ఉదయం దానిని తొలగించి, ఆ ఛానల్‌వారికి క్షమాపణ రాశాను.