కలర్స్ కన్నడ ఒకప్పుడు మన ఈటీవీదేనంట, నిజమేనా?

రాయదుర్గం కుర్రోడు:

పండక్కి ఊరికి వెళ్ళాను. మా రాయదుర్గం పేరుకి అనంతపురం జిల్లానే గానీ మాకు అనంతపురం కంటే బళ్ళారే దగ్గర, ఇంట్లో సగం మాటలు కన్నడంలోనే నడుస్తాయి. మా అవ్వ సాయంత్రం దీపం పెట్టిందంటే ఇక కలర్స్ కన్నడ ముందు నుంచి లేవదు, మధ్యలో ఎవరైనా రిమోట్ ముట్టుకున్నారో ఇంట్లో యుద్ధమే. మొన్న ఏదో పనిలో ఉండి "ఈటీవీ పెట్టురా" అంటే నేను మామూలు ఈటీవీ పెట్టాను. "అది తెలుగుది, నా ఈటీవీ పెట్టు" అని కలర్స్ కన్నడ నంబరు చెప్పింది. పాపం వయసైపోయింది, మర్చిపోతోంది అనుకున్నా. మా మామ నవ్వి, అవ్వ చెప్పిందే కరెక్టు, అది ముందు ఈటీవీ కన్నడ, తర్వాత పేరు మార్చారు అన్నాడు.

అప్పటినుంచి ఇదే బుర్రలో తిరుగుతోంది. కర్నూల్లో నా రూమ్మేట్ కూడా వాళ్ళింట్లో ఈటీవీ ఉర్దూ చూసేవాళ్ళు అని చెప్పేవాడు. తెలుగు పేపరు నడుపుకునే వాళ్ళు ఉర్దూకి, కన్నడకి ఎట్లా పోయారు? ఇంకా ఎన్ని భాషలున్నాయి? అంత పెంచుకున్నదాన్ని చేతులారా ఎందుకు ఇచ్చేశారు? జీ వాళ్ళవి, సన్ వాళ్ళవి ఇప్పటికీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి కదా.

పాత కేబుల్, అనంతపురం:

ముందు పోయి మీ అవ్వకి సారీ చెప్పు బాబూ.

నేను 1993 నుంచి పద్దెనిమిదేళ్ళు కేబుల్ నడిపాను. మిద్దె మీద పన్నెండడుగుల డిష్, కింద గదిలో చానెల్‌కొక రిసీవరు, మాడ్యులేటరు, చుట్టూ మూడు వీధులకు కరెంటు స్తంభాల మీదుగా వైరు, కోతులొచ్చిన రోజు సగం ఊరికి బొమ్మ ఉండదు. అప్పుడు మా దగ్గర ఉన్నదల్లా దూరదర్శన్, స్టార్ వాళ్ళవి, జీ, సన్. జీ 1992 అక్టోబరులో మొదలైంది, అదీ హాంకాంగ్ నుంచి ఆసియాశాట్ అనే ఉపగ్రహం మీద. మన గడ్డ మీద నుంచి ప్రసారం చేసే హక్కు దూరదర్శన్‌కు తప్ప ఇంకెవరికీ లేదు మరి. అయితే పైనుంచి పడేదాన్ని పట్టుకోవద్దని ఏ చట్టంలోనూ రాసి లేదు, ఆ సందులోంచే మాలాంటోళ్ళం పుట్టుకొచ్చాం. కేబుల్ చట్టం వచ్చిందే 1995లో. అదే ఏడాది ఫిబ్రవరిలో, గాలిలో తరంగాలు ప్రజల సొత్తు, సర్కారు ఒక్కదాని గుత్త కాదు అని సుప్రీంకోర్టు చెప్పింది. తెలుగులో జెమిని వచ్చింది ఆ నెలలోనే, ఈటీవీ ఆగస్టు 27న.

వచ్చిన కొత్తలో ఆడవాళ్ళు మిద్దెక్కి మరీ అడిగారు, ఈటీవీ మా ఇంటికి ఎప్పుడిస్తావని. సీరియళ్ళ సంగతి అందరికీ తెలిసిందే గానీ, మా వైపు దాన్ని నిలబెట్టింది అన్నదాత అని నా లెక్క. శెనక్కాయ వేసుకున్న రైతు తెల్లారే లేచి టీవీ ముందు కూర్చోవడం నేను అంతకు ముందు చూడలేదు. దూరదర్శన్‌లోనూ వ్యవసాయం ఉండేది కాదనను, కానీ అది సాయంత్రం పూట పాఠంలా సాగేది.

ఇక నీ ప్రశ్న. ఈనాడు పేపరు 1974లో విశాఖలో మొదలైంది, 1989లో జిల్లాకొక చిన్న పేపరు లోపల పెట్టి ఇవ్వడం మొదలుపెట్టారు. తాడిపత్రిలో బస్సు బోల్తా పడితే విజయవాడవాడికి అక్కర్లేదు, తాడిపత్రివాడికి అదే మొదటి పేజీ. టీవీలోనూ అదే సూత్రం. ఊళ్ళో జరిగింది ఊరివాళ్ళకి, వాళ్ళ భాషలో. 2000లో మరాఠీ, బంగ్లా, కన్నడ. 2001లో ఉర్దూ. 2002లో గుజరాతీ, ఒరియా, వాటితో పాటు హిందీలో నాలుగు. 2003 చివర్లో ఈటీవీ2 కూడా కలిపితే మొత్తం 12.

ఆ హిందీ నాలుగింటి దగ్గరే నాకు భలే ముచ్చటేస్తుంది. ఇంకొకరైతే హిందీ అంటే జీ, స్టార్‌లతో తలపడే ఒక పెద్ద చానెల్ పెట్టుకునేవాళ్ళు. వీళ్ళు ఉత్తరప్రదేశ్‌కొకటి, బీహార్‌కొకటి, మధ్యప్రదేశ్‌కొకటి, రాజస్థాన్‌కొకటి పెట్టారు. ఢిల్లీ చానెళ్ళకు ఢిల్లీ తప్ప వేరే ఊరు కనపడేది కాదు కాబట్టి పాట్నా వార్త చూపించినవాడే అక్కడ రాజు. తమాషా ఏమిటంటే ఆ పాట్నా వార్తలు చదివే పిల్లలు కూర్చునేది హైదరాబాదు పక్కన రామోజీ ఫిల్మ్ సిటీలో! అక్కడి విలేకరులు పంపిన బొమ్మలు ఇక్కడికి వచ్చి, ఇక్కడి నుంచి మళ్ళీ పైకెక్కి బీహార్‌లో దిగేవి. స్టూడియో ఒకటే, మిషన్లు ఒకటే, భాషకొక గది. ఖర్చు అక్కడ కలిసొచ్చేది.

కార్యక్రమాలూ అంతే. బాలు గారి పాడుతా తీయగా 1996లో ఇక్కడ మొదలైంది, తర్వాత అదే పద్ధతిలో కన్నడలో ఎదె తుంబి హాడువెను, అక్కడా బాలు గారే. మీ అవ్వని అడుగు, తప్పకుండా గుర్తుంటుంది.

బురుజు కింద, కర్నూలు:

మీ రూమ్మేట్ చెప్పింది అక్షరాలా నిజం. మాది వన్‌టౌన్, మా అబ్బాకి ఈటీవీ ఉర్దూ లేకుండా రాత్రి భోజనం దిగేది కాదు. అంతకుముందు ఉర్దూలో ఏదైనా చూడాలంటే దూరదర్శన్‌లో వారానికి ఇంత అని గీసి పెట్టినట్టు వచ్చేది. రోజంతా ఉర్దూ, అందులో ముషాయిరాలు, రంజాన్ నెలలో ప్రత్యేక కార్యక్రమాలు, పైగా దేశం మొత్తం వార్తలు. అది హైదరాబాదు నుంచి వస్తోందని, తెలుగు పేపరు వాళ్ళదని మా అబ్బాకి చాలా రోజులు తెలియదు, తెలిశాక రెండు రోజులు అందరికీ చెప్పుకుని తిరిగాడు. ఇప్పుడది న్యూస్18 ఉర్దూ. ఆయన మాత్రం చివరిదాకా ఈటీవీ అనే అన్నాడు.

ప్రొద్దుటూరు లెక్కలు:

పాత కేబుల్ అన్న పెరిగిన కథ చెప్పాడు, తరిగిన కథ నేను చెప్తా. బంగారం వ్యాపారానికి రెండో బొంబాయి అని పేరున్న ఊరివాళ్ళం, డబ్బు లెక్క రాకపోతే ఊరికే చెడ్డపేరు.

పన్నెండు చానెళ్ళంటే పన్నెండింటికీ నెలనెలా జీతాలు, ఉపగ్రహం అద్దె. ప్రకటనలేమో పెద్ద పెద్ద సబ్బుల కంపెనీలు ముందు హిందీ పెద్ద చానెళ్ళకే ఇస్తాయి, 2000 జులైలో స్టార్ ప్లస్‌లో కౌన్ బనేగా కరోడ్‌పతి వచ్చాక మరీనూ. భోపాల్‌లోనో జైపూర్‌లోనో మాత్రమే చూసే చానెల్‌కి వచ్చే ప్రకటన రేటు ఎంతని? పైగా ఆ రోజుల్లో చానెల్ వాళ్ళే కేబుల్ వాళ్ళకి ఎదురు డబ్బు కట్టేవాళ్ళు, క్యారేజ్ ఫీజు అని. (పాత కేబుల్ అన్నా, ఏమంటావు, నీకెంత ముట్టింది?)

అసలు దెబ్బ మాత్రం చానెళ్ళ వైపు నుంచి రాలేదు. 2006లో అప్పటి కాంగ్రెస్ ఎంపీ ఉండవల్లి అరుణ్ కుమార్ అదే గ్రూపులోని మార్గదర్శి ఫైనాన్షియర్స్ మీద ఫిర్యాదు చేశారు. నిబంధనలకు విరుద్ధంగా దాదాపు 2,600 కోట్ల డిపాజిట్లు తీసుకున్నారనేది ఆరోపణ, తప్పేమీ చేయలేదని వాళ్ళ వాదన. కడప జిల్లావాడిని కాబట్టి నేను ఏ పక్షం మాట్లాడినా ఇంకో పక్షం వాళ్ళు కొడతారు, అందుకని అక్కడితో వదిలేస్తున్నా. మన ప్రశ్నకు కావలసింది ఒకటే, డిపాజిట్లు తిరిగివ్వాలంటే డబ్బు కావాలి. 2007లో బ్లాక్‌స్టోన్ అనే అమెరికా సంస్థ ఈనాడు, ఈటీవీలు నడిపే ఉషోదయ ఎంటర్‌ప్రైజెస్‌లో 26 శాతం వాటాకి 27.5 కోట్ల డాలర్లు పెడతానని ముందుకొచ్చింది, అనుమతుల దగ్గర నానీ నానీ అది తేలలేదు. తర్వాత వేరే దారుల్లో పెట్టుబడి వచ్చింది, ఆ వాటాలు రిలయన్స్ వైపుకు చేరాయి. 2012 జనవరిలో వాటిని కలర్స్ వైపు సంస్థ టీవీ18 (తర్వాత అదీ రిలయన్స్ చేతికే వచ్చింది) కొంటుందని ప్రకటించారు, 2014 జనవరిలో 2,053 కోట్లకు పూర్తయింది.

ఇక్కడ చాలామంది పొరబడతారు, ఈటీవీ మొత్తం అమ్మేశారని. కాదు. హిందీ నాలుగు, ఉర్దూ, ఈ ఐదు వార్తా చానెళ్ళు నూటికి నూరు శాతం పోయాయి. కన్నడ, మరాఠీ, బంగ్లా, గుజరాతీ, ఒరియా వినోద చానెళ్ళలో సగం పోయింది. తెలుగు రెండింటిలో ఇచ్చింది 24.5 శాతమే. ఇల్లు కాపాడుకోవడానికి బయట పొలాలు అమ్ముకున్నట్టు. 2015లో ఆ ఐదు వినోద చానెళ్ళు కలర్స్ అయ్యాయి, 2018 నాటికి వార్తా చానెళ్ళు న్యూస్18 అయ్యాయి.

రాయదుర్గం కుర్రోడు:

అందరికీ థ్యాంక్స్, ఇంత ఉందని అనుకోలేదు. ఒక డౌటు. రిలయన్స్, స్టార్ కలిసిపోయాయి అంటున్నారు కదా. అంటే మా అవ్వ చూసే కలర్స్ కన్నడ, మా అమ్మ చూసే స్టార్ మా ఇప్పుడు ఒకే ఇంటివా? మా ఇంట్లో రోజూ కొట్టుకునేది ఆ రెండింటి కోసమే!

ప్రొద్దుటూరు లెక్కలు:

ఒకే ఇంటివే. ఆ స్టార్ మా ముందు 'మా టీవీ', దాన్ని స్టార్ వాళ్ళు 2015లో కొన్నారు, 2024 నవంబరులో రెండూ కలిసి జియోస్టార్ అయ్యాయి. అత్తాకోడళ్ళు ఎవరు గెలిచినా డబ్బు ఒకే గల్లాపెట్టెలో పడుతుంది.

ఎర్రముక్కపల్లి, కడప:

నాకు రెండు మాటల దగ్గర అభ్యంతరం ఉంది. ఒకటి, దీన్ని దేశవ్యాప్త నెట్‌వర్క్ అన్నట్టు మాట్లాడుతున్నారు. పన్నెండు ప్రాంతీయ చానెళ్ళు ఒక గొడుగు కింద ఉంటే అది నేషనల్ అయిపోదు. నేషనల్ అంటే జీ. ఊరికొక భాష ఉన్న దేశంలో ఒకే బొమ్మని కన్యాకుమారి నుంచి కాశ్మీర్ దాకా చూపించిన మొదటి ప్రైవేటు వాళ్ళు వాళ్ళే.

రెండు, జీ ఇంకా వాళ్ళ చేతిలోనే ఉంది అన్నావు చూడు తమ్ముడూ, అదంత తేలిక కాదు. జీ పెట్టిన సుభాష్ చంద్ర మొదట బియ్యం ఎగుమతులు చేసినాయన, తర్వాత టూత్‌పేస్టు ట్యూబులు, బొంబాయిలో ఎస్సెల్ వరల్డ్ అనే వినోదాల పార్కు, ఆ తర్వాతే టీవీ. 1993లో స్టార్ యజమాని మర్డోక్ వచ్చి సగానికి కాస్త తక్కువ వాటా కొన్నాడు, 1999లో జీ వాళ్ళు దాన్ని తిరిగి కొనుక్కున్నారు. ఆ పొత్తు తెగాకే స్టార్ ప్లస్ పూర్తి హిందీకి మారింది, ఏడాది తిరక్కుండా కరోడ్‌పతితో జీని కిందికి దింపింది. పక్కన కూర్చుని అన్నం తిన్నవాడే పోటీకి దిగితే ఎట్లా ఉంటుందో చూడండి. దాని తర్వాతే జీ వాళ్ళు ప్రాంతీయ భాషల్లో గట్టిగా పాతుకుపోయారు, జీ తెలుగు 2005లో వచ్చింది. అంటే ఈటీవీ 2000లో పట్టిన దారినే. వేరే వ్యాపారాల అప్పుల వల్ల 2019లో వాటాలు అమ్ముకోవాల్సి వచ్చింది, ఇప్పుడు ఆ కుటుంబానికి మిగిలింది నాలుగు శాతం లోపే. 2021లో సోనీతో కలుస్తామని సంతకాలు కూడా చేసి, 2024 జనవరిలో సోనీ కాదు పొమ్మంది. టీవీ వల్ల కాదు, టీవీ పక్కన పెట్టుకున్న వ్యాపారాల వల్లే ఇద్దరికీ దెబ్బ.

పాత కేబుల్, అనంతపురం:

ఎర్రముక్కపల్లి అన్న చివరి మాటతో ఒప్పుకుంటా, మొదటి మాటతో ఒప్పుకోను. జీలో వచ్చేది ఒకే హిందీ బొమ్మ, మా వీధిలో పెళ్ళిళ్ళ పాటల కోసం, అంత్యాక్షరి కోసం చూసేవాళ్ళు, మాటలు సగం అర్థమయ్యేవి కావు. దేశం మొత్తానికి ఒకటే పెట్టడం నేషనలా, దేశంలో ప్రతివాడికీ వాడి భాషలో పెట్టడం నేషనలా? సన్ వాళ్ళని చూడండి, దక్షిణాది నాలుగు భాషల్లో గట్టిగా కూర్చుని లాభాలు తిన్నారు, బంగ్లాకి వెళ్ళింది 2019లో. జాగ్రత్త అంటే అది. వీళ్ళు మూడేళ్ళలో పన్నెండుకి వెళ్ళారు. తెగింపు అనండి, తొందర అనండి.

క్యారేజ్ ఫీజు గురించి అడిగావు కదా ప్రొద్దుటూరు. అది పెద్ద ఊళ్ళ పెద్ద ఆపరేటర్లకయ్యా, మూడు వీధుల వాడికి ఎవడిస్తాడు. కానీ సంగతి నిజమే. పాత టీవీల్లో మొదటి పది పన్నెండు నంబర్లలో ఉంటే బొమ్మ శుభ్రంగా వచ్చేది, అరవయ్యో నంబరులో పెడితే చీమలు పాకినట్టే. మంచి నంబరు కోసమే ఆ డబ్బంతా.

ఇంకోటి, వాళ్ళు పూర్తిగా వదులుకోలేదు. 2019లో ఈటీవీ భారత్ అని 13 భాషల్లో మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి డిష్ లేదు, వైరు లేదు, అంతా ఫోన్లోనే. నాలాంటోడి అవసరం కూడా లేదనుకో.

రాయదుర్గం కుర్రోడు:

అవ్వకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. బాలు గారి కార్యక్రమం గుర్తుందంట, పిల్లలు తప్పు పాడితే ఆయన కన్నడంలో ఎట్లా సర్దిచెప్పేవాడో కూడా చెప్పింది. రిలయన్స్ ఎవరు, స్టార్ ఎవరు అనేది మాత్రం వినిపించుకోలేదు. "అప్పట్లో టి.ఎన్. సీతారాం సీరియల్ ముక్త వచ్చేది, అది మళ్ళీ ఎక్కడన్నా వేస్తారేమో కనుక్కో" అంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, పండగ సెలవుల్లోపు పెట్టి చూపించాలి.